చీటీ పోయిన రాయి

ఈ ఊళ్ళో శిలాజాలు దొరకవు.
కైలాసగిరి రాయి పగలగొట్టి చూడండి,
ఎర్రటి గార్నెట్ రవ్వలు రాలతాయి, అంతే.
భూమి కడుపులో ఒకసారి ఉడికిపోయిన కొండ ఇది.
ఉడికినదాంట్లో గవ్వ మిగలదు.

అందుకే మా డిపార్టుమెంటులో ప్రతి గుల్లా పొరుగూరిదే.
ఎవరో భుజాన సంచిలో మోసుకొచ్చి
సొరుగులో పెట్టి, చీటీ రాసి,
రిటైరై వెళ్ళిపోయారు.

హుద్‌హుద్ వచ్చిన ఆదివారం
కిటికీలు గదిలోకి వచ్చాయి.
మర్నాడు సొరుగులు లాగితే నీళ్ళు.
రాళ్ళు నిమ్మళంగానే ఉన్నాయి, వాటికి అలవాటే.
చీటీలు మాత్రం ఒకదానికొకటి అతుక్కుని
సిరా అంతా నీలం నీళ్ళయింది.
పదిహేడో సొరుగు ఆ రోజు నుంచి
ఊరూ పేరూ లేని సొరుగు.

ఇది అందులోది.
అరచేతిలో సరిగ్గా పట్టేంత,
కొబ్బరిచిప్ప రంగు,
తన మీదికి తానే చుట్టుకున్న నాటిలాయిడ్.
నాలుగేళ్ళు దాన్ని పాత జాతే అనుకున్నాను.
పుస్తకంలో బొమ్మకి దగ్గరగా ఉందని.
దగ్గరగా ఉంటే చాలనుకునే బద్ధకం అది.

గరికిన దానయ్య మా రాళ్ళు కోసే మనిషి,
జాలారిపేట, తాతల నాటి నుంచి తెప్పలవాళ్ళు.
నిలువునా కోసి, నున్నగా అరగదీసి,
తడిగుడ్డతో తుడిచి నా ముందు పెట్టాడు.
"ఇదేటమ్మా, గొట్టం నడిమిన నేదు.
లోపలేపుకి ఒరిగిపోనాది."

చూశాను.
అర వెనక అర, అర వెనక అర,
ప్రతి గోడకీ ఒక సన్నని కన్నం,
ఆ కన్నాల గుండా
బతికినన్నాళ్ళూ నీళ్ళు తోడిపోసుకున్న నాళం.
నడిమధ్యన ఉండాలి. లేదు.
గోడ అంచు గుల్లని తాకేచోట అతుకు గీత
పక్కల లోతుగా వంగి,
బొడ్డు దగ్గర మళ్ళీ తల ఎత్తింది.
వెర్నియర్ పెట్టి కొలిచాను.
చెయ్యి తుడుచుకుని మళ్ళీ కొలిచాను.
పదకొండు జాతుల పక్కన కూర్చోబెట్టాను.
పదకొండూ నేను కాదంటే నేను కాదన్నాయి.

లక్నో నించి జవాబు:
ఒక్క ముక్క చూసి కొత్త జాతి అనకండి,
నలిగిన రాయి కావచ్చు,
పైగా ఎక్కడిదో మీకే తెలీదు.
కోపం వచ్చింది.
నిజమే కాబట్టి ఇంకాస్త వచ్చింది.

రెండోది ఎక్కడ దొరికిందో చెబితే నవ్వుతారు.
మా ఆఫీసులోనే, పెదమజ్జి సత్యవతిగారి బల్ల మీద,
సెలవు చీటీలు ఫ్యాను గాలికి ఎగరకుండా.
టీ గ్లాసు కూడా దాని మీదే పెట్టేవారట.
మరక గీకితే
తెల్లరంగు మీద నల్ల అంకెలు, 212.
తుఫానుకి అందని చీటీ అదొక్కటే,
ఒంటి మీద రాయించుకున్నది.

బీరువా పై అరలో రిజిస్టరు పొడిగా ఉంది.
పుస్తకమంతా ఇంగ్లీషు. ఈ ఒక్క వరసా తెలుగు:
గోదావరి దగ్గర సున్నపురాయి గని,
కిందినుంచి మూఁడో పొర, రెండు ముక్కలు.
అరసున్న కూడా మరవని ఆ మనిషెవరో
మాలో ఎవరికీ తెలీదు.

దానయ్య రెండోదీ కోశాడు.
నేను రంపం వైపు చూడలేదు.
కిటికీలోంచి, రేవు బయట లంగరేసిన ఓడల్ని లెక్కపెట్టాను.
ఏడు.
నీళ్ళ చప్పుడు ఆగింది.
"ఇదీ ఒరిగినాదమ్మా."

పేరు కట్టాను. ఇక్కడ చెప్పను.
అచ్చులో వచ్చేదాకా పేరు పేరు కాదని
మా శాస్త్రంలో నియమం.
దానయ్యకి ఆ నియమం వర్తించదు.
"పక్కగొట్టపోడి సొరుగు మూసీమంటారా?"
అని అడుగుతాడు, సాయంత్రం, తాళాలు పట్టుకుని.

ఆగమని, కొత్త చీటీ రాశాను.
పెన్సిలుతో.
సిరాని ఇంక నమ్మను.